మెట్లు పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది

విశాఖపట్నంలో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ గేటు పక్కన, కానుగ చెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. పదకొండేళ్లుగా మా ఇంట్లో బట్టలన్నీ అక్కడికే. ఆ బండి అబ్బాయికి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. అబ్బాయి అంటున్నాను గానీ నలభై దాటాయి. నిలబడి చేసే పని కదా ఇస్త్రీ అంటే, అందుకని బండి కాళ్లు కోయించి, కూర్చుంటే చేతికందే ఎత్తుకు దించుకున్నాడు. పొద్దున్నే ఆరిలోవ నుంచి మూడు చక్రాల సైకిల్ తొక్కుకుంటూ హనుమంతవాక, వెంకోజీపాలెం మీదుగా వస్తాడు. ఎనిమిదింటికల్లా బొగ్గులు రాజుకుని ఉంటాయి.

పోయిన నెల వానల్లో మూడు రోజులు రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తింది. "మెట్ల మీద జారిపోనాడమ్మా, మోచెయ్యి వాచిపోనాది" అంది. నాలుగో రోజు ఆటో కట్టించుకుని వెళ్లాను. పదకొండేళ్లలో ఒక్కసారైనా అతనిల్లు ఎక్కడో అడగలేదన్న సంగతి ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

రోడ్డు కొండ కింద ఆగిపోయింది. అక్కడ అతని సైకిల్ గొలుసుతో కరెంటు స్తంభానికి కట్టేసి ఉంది, సీటు మీద ఎరువుల సంచి కప్పి. అక్కడి నుంచి మెట్లు. లెక్కపెట్టాను, అరవై నాలుగు. ఒక్కోటి ఒక్కో ఎత్తు. కొన్నిచోట్ల మెట్టు కాదు, బండరాయే. అతను రోజూ ఇవి చేతుల మీద ఎక్కుతాడు. వెనక్కి తిరిగి కూర్చుని, రెండు అరచేతులూ పై మెట్టు మీద ఆనించి, ఒళ్లు పైకి లాక్కుంటాడు. ఇరవై నిమిషాలు పడుతుందట. వానొస్తే ఆ మెట్ల మీద నుంచే నీళ్లు దిగుతాయి. కొళాయి కింద ఉంది, బిందెలు మోసేది భార్య.

"కింద గది చూసుకోలేకపోయావా?" అన్నాను.

"చూణ్ణేదా అమ్మగారూ? కింద ఆరు వేలు. ఇరవై మెట్లెక్కితే నాలుగున్నర. ఇక్కడైతే రెండున్నర. మెట్టుకింత తగ్గుతాది."

ఈ ఊళ్లోనే పుట్టాను, కొండలు చూస్తూనే పెరిగాను. కప్పరాడ, తాటిచెట్లపాలెం, మాధవధార, ఆరిలోవ, ఎక్కడ చూసినా కొండవాలున పైదాకా ఇళ్లే. రాత్రి పూట ఆ దీపాలు అందంగా ఉంటాయని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ దీపాల్లో పైకి పోయేకొద్దీ అద్దె తగ్గుతుందని, మెట్లెక్కలేనివాడికే ఎక్కువ మెట్లు రాసిపెట్టి ఉంటాయని ఎప్పుడూ తట్టలేదు.

నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేశాను, అందులో చాలాకాలం గృహరుణాల సీటులో. కాబట్టి ఇంటికొచ్చాక కాగితం కలం తీసుకుని కూర్చున్నాను. ఈ మనిషికి కింద, మెట్లు లేని చిన్న ఇల్లు అద్దెకివ్వాలంటే ఎవరైనా ఎలా కట్టగలరు?

ఈడబ్ల్యూఎస్ ఇల్లు, అంటే బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం కట్టే ఇల్లు, 30 చదరపు మీటర్లు అనుకుందాం, ఒక గది, వంటిల్లు, బాత్రూమ్. స్థలం ఎవరో ఉచితంగా ఇచ్చారనుకుందాం. కట్టడానికి ఎనిమిది లక్షలు వేశాను. ఇరవై ఏళ్లకు, తొమ్మిది శాతం వడ్డీకి లక్షకు నెలకు తొమ్మిది వందలని మాకు నోటి లెక్క. అంటే నెలకు 7,200. మోటారు, మరమ్మతులు, పన్ను, మధ్యలో ఖాళీగా ఉండే నెలలు, అన్నిటికీ కలిపి ఇంకో వెయ్యి. 8,200 వస్తేనే కట్టినవాడికి ఖర్చు సరికి సరి అవుతుంది, లాభం మాట తర్వాత.

ఇప్పుడు అతని వైపు చూద్దాం. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. అది ఆ ఇంటికి పెద్ద ఊపిరి, కాదనను. ఒకటో తారీఖున వార్డు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు. ఇస్త్రీ మీద మంచి నెలల్లో తొమ్మిది వేలు, వానల్లో అందులో సగం. ఇద్దరు పిల్లలు. అద్దెకు మూడు వేలు మించితే ఆ నెల బియ్యంలోనో మందుల్లోనో కోత పడుతుంది. 8,200 ఎక్కడ, 3,000 ఎక్కడ? నెలనెలా 5,200 తేడా. అందుకే ఇలాంటివాళ్ల కోసం బయట ఎవరూ కట్టరు. అది ఇంటి యజమానుల చెడ్డతనం అనను. లెక్క కుదరదు, అంతే.

అలాగని ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనీ అనను. 2020 వేసవిలో వలస కూలీలు రోడ్ల వెంట నడిచిపోవడం చూశాక, ఆ జులైలో కేంద్రం అద్దె ఇళ్ల సముదాయాల పథకం తెచ్చింది. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎమ్ అనే పాత పట్టణాభివృద్ధి పథకం కింద కట్టి ఖాళీగా పడున్న ఇళ్లను బాగుచేసి 25 ఏళ్లపాటు అద్దెకు నడుపుకోమని ఒక దారి, సొంత స్థలంలో కొత్తగా కట్టమని ఇంకో దారి. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) పట్టణ రెండో విడతలో అద్దె ఇళ్లకు ప్రత్యేకంగా ఒక భాగమే పెట్టారు. కొత్త టెక్నాలజీతో కడితే చదరపు మీటరుకు కేంద్రం 3,000, రాష్ట్రం 2,000 గ్రాంటు. మన 30 మీటర్ల ఇంటికి అది లక్షన్నర. అప్పు ఆరున్నర లక్షలకు దిగితే నెలకు 5,850, ఖర్చులతో 6,850. కింద ఇప్పుడు అడుగుతున్న ఆరు వేల కన్నా అదే ఎక్కువ!

వడ్డీ తగ్గిస్తే? అదే ఆరున్నర లక్షలు ఐదు శాతానికి దొరికితే లక్షకు 660, నెలకు 4,290, ఖర్చులతో 5,290. గ్రాంటును సగం ఖర్చుకు, అంటే నాలుగు లక్షలకు పెంచి, మిగతాది ఐదు శాతానికి ఇస్తే 2,640. ఖర్చులతో 3,640. అప్పటికీ అతను ఆరేడొందల దూరంలోనే ఉన్నాడు. ఎన్నిసార్లు తిప్పి వేసినా నాకు ఒకటే తేలింది. కట్టేటప్పుడు ఒక్కసారి ఇచ్చే డబ్బుతో అట్టడుగు మనిషిదాకా అద్దె దిగదు. నెలనెలా కొంత పడాలి.

అమెరికాలో ఉన్న మా అమ్మాయితో ఈ మాటంటే, అక్కడ 1990 నాటి చట్టంలో సెక్షన్ 811 అని ఒకటుందని చూపించింది. బాగా తక్కువ ఆదాయం ఉన్న వికలాంగుల కోసం ఇళ్లు కట్టే సేవాసంస్థలకు ప్రభుత్వం వడ్డీ లేని పెట్టుబడి ఇచ్చేది. 40 ఏళ్లు వాళ్లకే అద్దెకిస్తే తిరిగి కట్టక్కర్లేదు. ఉండేవాళ్లు తమ ఆదాయంలో 30 శాతం కడతారు, నడపడానికి తక్కువపడింది ప్రభుత్వం భరిస్తుంది. అక్కడా అందరికీ అందుతోందని కాదు, వెయిటింగ్ లిస్టులు ఏళ్లకేళ్లట. కానీ కట్టడానికి ఒక డబ్బు, నడపడానికి వేరే డబ్బు అన్న ఆలోచన నాకు సూటిగా తగిలింది. మనం మొదటిది ఇచ్చి రెండోది మర్చిపోయాం. అప్పుడు నడిపేవాడు అద్దె సక్రమంగా కట్టగల కంపెనీ కూలీలనో విద్యార్థులనో వెతుక్కుంటాడు. ఇస్త్రీ బండివాడికి గది ఇవ్వమని అతన్ని ఏ లెక్కతో అడుగుతాం?

పట్టా ఇచ్చారు కదా అంటారు కొందరు. అవును, 2022 ఏప్రిల్‌లో నగరంలో పేదలకు ఇచ్చిన పట్టాల్లో అతనికీ ఒక సెంటు వచ్చింది, సబ్బవరం వైపు. సెంటంటే 48 గజాలు. అక్కడ ఇల్లు లేచినా రోజూ మూడు చక్రాల సైకిల్ మీద ఎంవీపీ కాలనీకి ఎలా వస్తాడు? అక్కడ ఇస్త్రీకి బట్టలు ఎవరిస్తారు? అతని బతుకు మా వీధిలోని నలభై ఇళ్లతో ముడిపడి ఉంది. సొంత ఇల్లు ఇవ్వడమే సాయం అనుకున్నంతకాలం, ఊరి మధ్యలో అద్దెకుండి తీరాల్సిన మనిషి మనకు కనపడడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ఇళ్ల కేటాయింపుల్లో ఐదు శాతం వాళ్లకు ఉంచమంటుంది. ప్రభుత్వం కేటాయించే ఇల్లుంటే కదా అందులో ఐదు శాతం! ఆరిలోవలో ప్రైవేటు గదికి అది వర్తించదు.

నాకు తోచింది చెబుతాను. పింఛను ఇవ్వడానికి ఇంటింటికీ వెళ్లే యంత్రాంగం మనకు ఇప్పటికే ఉంది. సదరం అనే వైకల్య సర్టిఫికెట్ల వల్ల ఎవరికి ఎంత శాతం వైకల్యమో రికార్డుల్లో ఉంది. నడవలేనివాళ్లు అద్దెకుంటే, గ్రౌండ్ ఫ్లోరు గది, ర్యాంపు, వెడల్పు తలుపు ఉన్నాయని చూసి, నెలకు రెండు మూడు వేలు నేరుగా యజమాని ఖాతాలో వెయ్యొచ్చు. కొత్తగా కట్టేవాళ్లకూ ఆ రాబడి ఇరవై ఏళ్లు గ్యారంటీ అని రాసిస్తే, లోన్ సీటులో కూర్చున్నవాళ్లు కాదనరు. ఈ మాట గట్టిగా చెప్పగలను, ఎందుకంటే కాదన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

చాలా ఏళ్ల క్రితం ఒకావిడ వచ్చింది, టైలరు, చంకల్లో కర్రలు. నాలుగు గదులు కట్టి తనలాంటివాళ్లకు అద్దెకిస్తానంది, స్థలం అన్నగారిది. ఆదాయానికి కాగితాలు లేవు, రాబోయే అద్దెకు హామీ లేదు. 'తిరిగి చెల్లించే స్థోమత లేదు' అని రాసి ఫైలు వెనక్కిచ్చాను. రూల్ ప్రకారం సరిగ్గానే రాశాను. ఆవిడ ఫైలు తీసుకుని లేచేటప్పుడు కర్ర ఒకటి జారి పడింది, నేను వంగి అందించాను. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

ఇక మా ఇస్త్రీ అబ్బాయి సంగతి. చెయ్యి తగ్గింది, మళ్లీ వస్తున్నాడు. పోయిన ఆదివారం ఇద్దరం కలిసి గదులు చూశాం. కుంటివాళ్లు బాత్రూమ్ పాడుచేస్తారని ఒకాయన మొహం మీదే అన్నాడు. ఇంకోచోట బేరం కుదిరేటట్టుంది. రోడ్డు పక్కనే, మెట్లు లేవు, 4,500. బాత్రూమ్ గడప మాత్రం అడుగెత్తు. తాపీమేస్త్రీని తీసుకెళ్లి చూపించాను, గడప కొట్టి వాలు చెయ్యడానికి 1,800 అన్నాడు. యజమానురాలు మూడు నెలల అడ్వాన్సు అడుగుతోంది, రెండు నెలలకు ఒప్పించే ప్రయత్నంలో ఉన్నాను. అద్దెలో తేడాకు మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఇళ్లవాళ్లం నెలనెలా తలో నూట యాభై వేసుకుంటే 1,800 వస్తుంది. ఏడుగురు సరేనన్నారు. మిగతా ఐదిళ్ల తలుపులు ఈ వారంలో తట్టాలి.