ఓవెన్‌లో మబ్బు కమ్మింది

ఇవాళ మధ్యాహ్నం ఓవెన్ ముందు దాదాపు గంటసేపు నిలబడ్డాను. లోపల 180 డిగ్రీల దగ్గర ఎపాక్సీ అనే జిగురులాంటి రెజిన్ గట్టిపడుతోంది. అందులో నేను కరిగించి కలిపింది పాలీఈథర్‌ఇమైడ్ అనే థర్మోప్లాస్టిక్, అంటే వేడికి మెత్తబడే ప్లాస్టిక్. పెట్టినప్పుడు తేనె రంగులో, అవతలి అక్షరాలు కనపడేంత తేటగా ఉంది. చూస్తుండగానే మబ్బు కమ్మింది.

ఆ మబ్బు కోసమే ఇన్ని నెలలుగా ఎదురుచూశాను. ఎపాక్సీ అణువులు హార్డెనర్‌తో (గట్టిపరిచే రసాయనంతో) కలిసి పెద్దవవుతున్న కొద్దీ థర్మోప్లాస్టిక్‌ని తమలో ఇముడ్చుకోలేవు. రెండూ విడిపోవడం మొదలవుతుంది. ఈలోగా పాకం ముదిరిపోతే ఇక కదలడానికి వీలుండదు, అప్పటికి ఏ ఆకారంలో ఉంటే అదే నిలిచిపోతుంది. తక్కువ కలిపితే ఎపాక్సీ మధ్య చిన్న చిన్న ప్లాస్టిక్ గుండ్లు. బాగా పెంచితే అంతా తలకిందులై, ప్లాస్టిక్ మధ్య ఎపాక్సీ గుండ్లు! ఈ మార్పు నాకెంత ఇష్టమో చెప్పలేను.

మొదట్లో డీఎస్‌సీ (చర్యలో వెలువడే వేడిని కొలిచే పరికరం) గ్రాఫ్‌లో వేడి తక్కువ కనిపిస్తే, క్యూరింగ్, అంటే గట్టిపడే చర్య, సగంలోనే ఆగిపోయిందనుకుని చాలా బాధపడ్డాను. మా గైడ్ మేడమ్ గ్రాఫ్ చూసి, "ఎపాక్సీ బరువుతోనే భాగించావా అమ్మా?" అన్నారు. లేదు. నేను వాడిన థర్మోప్లాస్టిక్ ఆ చర్యలో పాల్గొనదు, దాని బరువు తీసేయాలి. తీసేస్తే మొత్తం వేడి మామూలు ఎపాక్సీకి దగ్గరగానే వచ్చింది. వేగం తగ్గిన మాట మాత్రం నిజం. చర్య జరిపే గ్రూపులు పలచబడ్డాయి, ద్రవం చిక్కబడింది.

రేపు ముక్కను విరిచి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.