పీటర్ పాన్ నాటకం చదివిన తరువాత

చిన్నప్పుడు బొమ్మల పుస్తకంగానే తెలిసిన 'పీటర్ పాన్'ను జె. ఎం. బారీ రాసిన నాటక రూపంలో ఈ వారమే పూర్తిగా చదివాను. 1904 డిసెంబరు 27న లండన్‌లో తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకం 1928 దాకా అచ్చు కాలేదు. ఈలోగా 1911లో అదే కథ నవలగా వచ్చింది. నాటకంలో ఎన్నటికీ పెద్దవాడు కాని బాలుడు పీటర్ కోసం ఉంచిన విషాన్ని అతని నేస్తమైన చిన్న దేవకన్య టింకర్ బెల్ తాగేసి ప్రాణాపాయంలో పడినప్పుడు, పీటర్ నేరుగా ప్రేక్షకుల వైపు తిరిగి, దేవకన్యలు ఉన్నారని నమ్మేవాళ్లు చప్పట్లు కొట్టమని వేడుకుంటాడు. ఒక పాత్ర ప్రాణాన్ని హాలులో కూర్చున్న పిల్లల చేతుల్లో పెట్టిన ఆ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

స్కాట్లండ్‌లోని కిరీమ్యూర్‌లో నేతపనివాడి ఇంట 1860లో పుట్టిన బారీకి ఆరేళ్ల వయసులో, అన్న డేవిడ్ మంచు మీద స్కేటింగ్ ప్రమాదంలో చనిపోయాడు. పద్నాలుగో ఏడు నిండకుండానే పోయిన ఆ పిల్లవాడు తల్లి మనసులో ఎన్నటికీ ఎదగని బాలుడిగా నిలిచిపోయాడని తెలిశాక, పీటర్ సాహసాలలో నాకు ఉల్లాసం కన్నా దుఃఖమే ఎక్కువగా వినిపించింది.

బారీ రాసిన 1920 నాటి మరో నాటకం 'మేరీ రోజ్'లో ఈ దుఃఖం మరింత సూటిగా కనిపిస్తుంది. ఒక దీవిలో మాయమైన యువతి వయసు పెరగకుండానే ఎన్నో ఏళ్లకు తిరిగి వస్తుంది, కానీ ఆమె వెతికే పసివాడు అప్పటికే పెద్దవాడయ్యాడు. పిల్లల కథగా పేరు పొందకపోయినా, 'పీటర్ పాన్' చదివినవారు దీన్ని తప్పక చదవాలని నా అభిప్రాయం.