విజయనగరంలో అటక దిగిన ఆంప్

మే నెల, ఆదివారం. పొద్దున్నే గిటార్ భుజాన వేసుకుని విశాఖ స్టేషన్‌కి వెళ్తే, టీ అమ్మే కుర్రాడు "ప్రోగ్రామా అన్నా?" అన్నాడు. అవునన్నాను. సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫయర్ బేరమాడడానికి 60 కిలోమీటర్లు వెళ్తున్నానని చెప్తే ఆ కాస్త గౌరవమూ పోతుంది.

విజయనగరంలో ఒక రిటైర్డ్ మాస్టారింట్లో వాక్స్ కంపెనీ మోడలింగ్ గిటార్ ఆంప్, ఏడీ30వీటీ, ఉందని, అమ్మేస్తారని తెలిసినవాళ్ళు చెప్పారు. కొడుకు అమెరికా నుంచి వచ్చేసినప్పుడు తెచ్చి, మళ్ళీ వెళ్ళిపోతూ వదిలేశాడట. 6 వేలు చెప్పారు. ఫోన్లో ఒకటే ఫోటో వచ్చింది, అదీ ముందువైపుది.

పలాస పాసింజరు కిటికీ పక్కన సీటు దొరికింది. పెందుర్తి, కొత్తవలస దాటేదాకా బేరం మాటలు మనసులో తిప్పుకుంటూనే ఉన్నాను. "పాత మోడల్ కదండీ, కంపెనీయే ఆపేసింది." "పార్టులు దొరకవండీ." ఆ రెండు ముక్కలూ అబద్ధం కాదు. మోడలింగ్ ఆంప్ అంటే రకరకాల పాత ఆంపుల గొంతుల్ని చిప్‌లో లెక్కకట్టి మిమిక్రీ చేసే పెట్టె. 1996లో లైన్ 6 కంపెనీవాళ్ళు ఆక్సిస్ 212 తెచ్చిన దగ్గర్నుంచి ఈ రకం మొదలైంది. అయితే ఇందులో చిప్ ఉండబట్టి దీని గతి సెల్‌ఫోన్ గతే. కొత్త మోడల్ రాగానే పాతదాని ధర పడిపోతుంది. గాజు వాల్వులతో నడిచే అచ్చమైన ఆంప్ పాతబడేకొద్దీ ముద్దొస్తుంది, ఇది పాతబడితే అటక ఎక్కుతుంది. నాలాంటివాడికి కావలసిందీ అదే.

నిజానికి ఈ ఏడీ30వీటీ మీద నాకు కాలేజీ రోజుల నుంచీ కన్నుంది. అప్పట్లో దాని ధర అడగడానికి కూడా భయం. డయల్ మీద పదకొండు ఆంపుల గొంతులు. బీటిల్స్ స్టేజీ మీద వాడిన ఏసీ30 గొంతు కూడా వాటిలో ఒకటి, అది వాక్స్ వాళ్ళ సొంత సొత్తే. పైగా ఇది పూర్తిగా డిజిటల్ కాదు. లోపల 12ఏఎక్స్7 అనే చిన్న గాజు వాల్వ్ ఒకటి పవర్ సెక్షన్‌లో కూర్చుని ఉంటుంది.

స్టేషన్ బయట ఆటో ఎక్కి, గంటస్తంభం మీదుగా కోట వైపు వెళ్ళాం. మాస్టారిల్లు సంగీత కళాశాలకి దగ్గర్లోని సందులో. 1919లో పెట్టిన కాలేజీ అది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. గిటార్ మీద నాలుగు కార్డులూ ఒక బ్లూస్ ముక్కా వచ్చినవాణ్ణి, గిటార్ సంచీతో ఆ ఛాయల్లో తిరగాలంటే కొంచెం సిగ్గేసింది.

"ఏటి నాన్నా, ఇంత ఎండలో వచ్చీసేవు? ముందు మజ్జిగ తాగు," అన్నారు మాస్టారు. గోడకి వయొలిన్ పెట్టె వేలాడుతోంది. ఆంప్ అప్పటికే హాల్లో స్టూలు మీద ఉంది, మీద పాత తువ్వాలు కప్పి. తువ్వాలు తీస్తే దుమ్ము లేచింది కానీ స్పీకర్ గుడ్డ మీద చిరుగు లేదు, నాబ్‌లు అన్నీ ఉన్నాయి.

ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. చపటి పిన్నులు! గుండె జారింది. పెట్టెని వెనక్కి తిప్పి ఫోన్ లైటు వేసి చూస్తే, చిన్న అక్షరాల్లో 120 వోల్టులు అని ఉంది. మన గోడలో వచ్చేది 230. మామూలు అడాప్టర్ తగిలించి స్విచ్ వేస్తే ఫ్యూజ్ ఎగిరిపోతుంది, అదృష్టం బాగోకపోతే లోపల ట్రాన్స్‌ఫార్మర్ కూడా. ఇంతదూరం వచ్చి ఇదేం కర్మ అనుకున్నాను. ఆ వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచుకోవడం దేనికి? బేరానికి ఇంతకంటే మంచి ఆయుధం దొరకదు.

"మాస్టారూ, ఇది అమెరికా కరెంటుదండీ. ఇక్కడ పని చెయ్యదు," అన్నాను, వీలైనంత దిగులుగా.

ఆయన తాపీగా లోపలికి వెళ్ళి ఇటుకంత ఇనప డబ్బా మోసుకొచ్చారు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 230 నుంచి 110కి. "మావాడు దీనికే తగిలించేవాడు. ఇదీ పట్టుకెళ్ళు." నా ఆయుధం కాస్తా ఆయన చేతికి పోయింది.

స్విచ్ వేశాక ఎర్ర దీపం వెలిగింది. గొంతుని ముదిర్చే గెయిన్ నాబ్ తిప్పితే గరగర. లోపల దుమ్ము పడితే అంతే. ఇటు ఇరవైసార్లు అటు ఇరవైసార్లు తిప్పితే చాలావరకు పోయింది. వెనక పవర్ తగ్గించే నాబ్ ఒకటి ఉంది. దాన్ని బాగా తగ్గించి, ముందు గెయిన్ పెంచితే, ఆ ముదురు గొంతు పోకుండా చప్పుడు మాత్రం హాలుకి సరిపడా వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడికి ఈ ఒక్క నాబ్ కోసమే కొనొచ్చు. లోపల వాల్వ్ ఉందంటే మాస్టారి కళ్ళు మెరిశాయి. "అయితే మా నాన్న రేడియో జాతే. అది వేడెక్కితే గానీ పలికేది కాదు."

నాకొచ్చిన బ్లూస్ ముక్క వాయించాను. కళ్ళు మూసుకుని కుర్చీ చేతి మీద వేళ్ళు ఆడిస్తూ విన్నారు.

"శుద్ధ ధన్యాసి రాగం బాగానే పట్టేవు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

నేను వాయించింది మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల వరస. ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నాను. వేళ్ళ మీద లెక్క చూసుకుంటే సరిగ్గా అవే స్వరాలు: స, గ, మ, ప, ని. "గాంధారం దగ్గర అలా నిలబడిపోకు, కొంచెం ఊపు," అన్నారు. తీగ వంచాను. "ఆ గరగర తీసెయ్యి, గమకం కనబడాల." డయల్‌ని శుభ్రమైన గొంతు మీదికి తిప్పాను. నిజమే, డిస్టార్షన్ గరగరలో ముద్దైపోయిన ఊపు అప్పుడు విడిగా వినిపించింది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కరెంటు వాయిద్యంతో కచేరీలు చేశాడు కదా, గిటార్‌కేం తక్కువ అన్నారు. తక్కువ గిటార్‌కి కాదు మాస్టారూ, నాకు అని పైకి అనలేదు.

ఇంత జరిగాక బేరం ఏం ఆడతాను? 6 వేలూ తీసి ఇవ్వబోయాను. అప్పుడు వంటింట్లోంచి అమ్మగారు వచ్చారు. "ఏటండీ అంత? ఆ అటక ఖాళీ అయితే అదే పదివేలు. నాలుగు తీసుకోండి." మాస్టారు ఏదో అనబోయి ఊరుకున్నారు. నా తరఫున నాకంటే బాగా బేరమాడిన ఆవిడే, వెళ్ళేటప్పుడు నాలుగు మామిడిపళ్ళు కూడా సంచిలో వేశారు.

ఒక చేతిలో పది కిలోల పైచిలుకు ఆంప్, ఇంకో చేతిలో ఇనప డబ్బా, వీపున గిటార్, ఆంప్ హ్యాండిల్‌కి వేలాడుతూ మామిడిపళ్ళు. స్టేషన్ మెట్లు ఎక్కేసరికి చొక్కా పిండుకునేలా తడిసింది. తిరుగు రైలు కిటకిటలాడుతోంది. కోరుకొండలో ముంజెల బుట్టతో ఎక్కిన ఆవిడ "ఏటి బాబూ ఇది, టీవీయా?" అని అడిగింది. పాటల పెట్టె అన్నాను. "అయితే గట్టిదే," అని దానిమీద కూర్చుంది. లేపుదామనుకున్నాను గానీ, ముంజెలు డజను ఇచ్చి పది రూపాయలు తగ్గించింది. కొత్తవలసలో దిగిపోయింది.

ఇంట్లో మొదట ఆన్ చేయగానే జుంయ్ మని ఒకటే హమ్. కంగారు పడ్డాను. చూస్తే తప్పు ఆంప్‌ది కాదు, పక్కనే పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ది. దాని అయస్కాంత క్షేత్రాన్ని గిటార్‌లో తీగల కదలిక పట్టే పికప్ అందుకుంటోంది. వైరు సాగినంత దూరం జరిపితే తగ్గింది. గాంధారాన్ని ఊపుతూ కాసేపు కూర్చున్నాను.

మా ఆవిడ వచ్చి పెట్టెని చూసింది, ఇనప డబ్బాని చూసింది, తల పైకెత్తి అటకని చూసింది. ప్రస్తుతానికి ఆంప్ మంచం పక్కనే ఉంది.