ఐదో న్యూట్రాన్ ఎందుకు రాలేదు: నా ప్రీ-పీహెచ్‌డీ సెమినార్ అనుభవం

భీమవరంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతూనే పీహెచ్‌డీకి నమోదు చేసుకున్న నేను, ప్రీ-పీహెచ్‌డీ సెమినార్‌కు భార అయాన్ల చర్యల్లో (బరువైన కేంద్రకాలు ఢీకొన్నప్పుడు) కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడు మోతాదు), కేంద్రక క్షయం అనే అంశాన్ని ఎంచుకున్నాను. (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్రానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద మా పక్కనున్న గొరగనమూడిలో పుట్టినవారే, మా పిల్లల్లో చాలామందికి ఆ సంగతి తెలియదు.) దరఖాస్తులు, సంతకాల గురించి చెప్పుకోవలసినంత ఏమీ లేదు. కష్టమంతా ఒక్క లెక్క దగ్గరే ఎదురైంది.

1986లో బ్రిటన్‌లోని డేర్స్‌బరీ ప్రయోగశాలలో పలాడియం-108 మీదికి 205 ఎంఈవీ (ఒక్క ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తితో కాల్షియం-48 అయాన్లను పంపారు. రెండూ కలిసిపోయి ఏర్పడిన డిస్ప్రోసియం-156 నాలుగు న్యూట్రాన్లను వదిలి డిస్ప్రోసియం-152గా మిగులుతుంది. దీని జమాఖర్చులు నోటుపుస్తకంలో వేసుకున్నాను. ద్రవ్యకేంద్ర చట్రంలో చూస్తే, అంటే మొత్తం జంట ముందుకు కదలడానికి పోయే శక్తిని తీసేస్తే, ఆ 205లో అక్కరకొచ్చేది 142 మాత్రమే. కలయికకే 63 ఖర్చవుతుంది కనుక ఉత్తేజ శక్తి, అంటే కలిసిన కేంద్రకంలో మిగిలే అదనపు శక్తి, 79. నాలుగు న్యూట్రాన్లను విడదీయడానికి 33, అవి గతిశక్తిగా పట్టుకుపోయేది సుమారు 12 తీసేసినా, ఇంకా 34 ఎంఈవీ నిల్వ ఉంటుంది. మరో న్యూట్రాన్ ఊడిపోవడానికి తొమ్మిదిన్నర చాలు. మరి వేగంగా తిరిగే కేంద్రకం నుంచి ఐదోది ఎందుకు రాదు?

జవాబు గామా రేఖల్లో, అంటే కేంద్రకం శక్తి దిగుతూ వదిలే కిరణాల నిర్దిష్ట శక్తుల్లో, దొరికింది. ఆ ప్రయోగంలో వరుసగా కనిపించిన 19 రేఖల మధ్య ఎడం దాదాపు సమానంగా 47 కేఈవీ (కేఈవీ అంటే ఎంఈవీలో వెయ్యో వంతు). భ్రమణ సూత్రం ప్రకారం ఈ ఎడం, నాలుగును జడత్వ భ్రామకంతో (తిరుగుడు మార్పుకు కేంద్రకం చూపే ఎదురుతో) భాగిస్తే వచ్చే విలువ; కాబట్టి జడత్వ భ్రామకం ఎంఈవీకి 85 హెచ్-బార్ వర్గాలు (హెచ్-బార్ కోణీయ ద్రవ్యవేగానికి క్వాంటం ప్రమాణం). స్పిన్ (హెచ్-బార్లలో కోణీయ ద్రవ్యవేగం) 60 దగ్గర 60ని 61తో హెచ్చించి 170తో భాగిస్తే, కేవలం తిరగడానికే ఇరవై ఒకటిన్నర ఎంఈవీ పోతుంది. పొడవు వెడల్పుకు రెట్టింపయ్యేలా సాగినందుకు మరో ఏడు. ఇక చేతిలో మిగిలేది అయిదు, అయిదున్నర. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎంత లోతున్నా, 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట మీదుగా పొర్లింది దాని గట్టును మించిన నీరే కదా. ఇక్కడ ఆ గట్టు యరాస్ట్ రేఖ, అంటే ఒక్కో స్పిన్‌కు సాధ్యమైన కనిష్ఠ శక్తి. పైగా ఒక్కో న్యూట్రాన్ తీసుకుపోయే కోణీయ ద్రవ్యవేగం స్వల్పం. స్పిన్‌ను దించే పనంతా రెండేసి హెచ్-బార్లను మోసుకుపోయే చతుర్ధ్రువ గామా కిరణాలదే.

సెమినార్‌లో బయటినుంచి వచ్చిన పరీక్షకులు, "ఆ సాగిన కేంద్రకపు గామా వరుస, సాగని మామూలు స్థితులతో ఎక్కడ కలుస్తుందో తెలియకుండా స్పిన్ 60 అని ఎలా అంటారమ్మా?" అని అడిగారు. 1986 నాటికి అది అంచనాయేననీ, 2002లో 4011 కేఈవీ గామా రేఖ ఆ వరుసను యరాస్ట్ స్థితికి నేరుగా కలపడంతో స్పిన్‌లు స్థిరపడ్డాయనీ చెప్పాను. ఆయన తలూపి, తక్కువ స్పిన్ దగ్గర ఐదో న్యూట్రాన్ వచ్చే సందర్భాన్ని కూడా ఇదే పద్ధతిలో లెక్కగట్టి నివేదికలో చేర్చమని చెప్పి సంతకం చేశారు.