ఒకరు రాజీనామా చేస్తే ఇద్దరూ దిగిపోవాల్సిందే

మొన్న గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద గాలికి కూర్చుని నాన్నా నేనూ వాదించుకున్నాం. "ఎక్కువమంది ఏదంటే అదే జరగాలి, ప్రజాస్వామ్యం అంటే అంతే కదమ్మా" అన్నారు. అంతే అనుకున్నందుకు, ఐర్లాండ్ దీవిలో బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లో ఏమైందో చెప్పాను.

అక్కడ 1921 నుంచి 1972 దాకా ఒకే పార్టీ పాలించింది, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల పార్టీ. ఎన్నికల్లో గెలిచే పాలించింది. కానీ డెర్రీ ఊళ్ళో కాథలిక్కులే ఎక్కువ, వాళ్ళలో చాలామంది ఐర్లాండ్‌తో కలవాలనే జాతీయవాదులు, అయినా వార్డులు ఎలా విడగొట్టారంటే దశాబ్దాల పాటు కార్పొరేషన్ యూనియనిస్టులదే. పైగా స్థానిక ఎన్నికల్లో ఇంటిపన్ను కట్టే దంపతులకే ఓటు, అదే ఇంట్లో ఉండే ఎదిగిన పిల్లలకు లేదు. కార్పొరేషన్ ఇల్లు ఇవ్వకపోతే ఓటూ రానట్టే.

"ఇల్లుంటేనే ఓటా?" అని నాన్న అప్పుడు నావైపు తిరిగారు.

1968లో హక్కుల ఊరేగింపులు, వాటి మీద లాఠీలు, ఆ తర్వాత మూడు దశాబ్దాల హింసలో రెండు వైపులా కలిపి సుమారు 3,500 మంది చనిపోయారు. 1998 ఏప్రిల్ 10న కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు వర్గాలూ కలిసే పాలించాలి. ఫస్ట్ మినిస్టర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి, కానీ ఆ పదవికీ డిప్యూటీకీ అధికారం సమానం, పేరే తేడా. ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ పోతుంది. 2017లో అలాగే మూడేళ్ళు, 2022లో రెండేళ్ళు ప్రభుత్వం ఆగిపోయింది. జనం విసిగిపోయారు, నిజమే. అయినా 2024 ఫిబ్రవరిలో మిషెల్ ఓనీల్ ఫస్ట్ మినిస్టర్ అయ్యారు, ఆ పదవిలో మొదటి జాతీయవాది, పక్కన డిప్యూటీగా యూనియనిస్టు ఎమ్మా లిటిల్-పెంగెల్లీ.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. అక్కడ పుట్టినవాళ్ళు తాము ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. రేపు ఐర్లాండ్‌తో కలవాలన్నా ఉత్తరాన మెజారిటీ ఒప్పుకోవాల్సిందే, కలిశాక కూడా ఆ హక్కు పోదు. యూనియనిస్టుల భయానికి అదే జవాబు.

మా బావగారిది వరంగల్, నాన్నది తెనాలి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఇద్దరూ ఆర్నెల్లు మాట్లాడుకోలేదు, మధ్యలో అక్క ఏడ్చేది. ఆ రోజుల్లో "నువ్వు ఎటువైపు" అని అడగనివాళ్ళు లేరు. రెండు వైపులూ అని అక్క చెబితే ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ మాట నాన్నతో అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.