మా ఇంటికి లర్చర్ వచ్చిన వైనం

ఇంగ్లండులో స్థిరపడిన పదకొండో ఏట, ఒక లర్చర్ కుక్కను దత్తత తీసుకోవాలని నిశ్చయించుకుని, దగ్గరలోని సంరక్షణ కేంద్రానికి దరఖాస్తు పెట్టాము. మొదటి ప్రశ్నే పెరటి కంచె ఎత్తు ఎంత అని. మాది నాలుగడుగులు. ఆరడుగులు ఉంటేనే ఇస్తామన్నారు. కంచె పెంచడానికే నెల పట్టింది.

ఆ పట్టుదలకు కారణం ఆ కుక్క పుట్టుకలోనే ఉందని, ఇల్లు చూడడానికి వచ్చిన కార్యకర్త చెప్పగా తెలిసింది. లర్చర్ ఒక జాతి కాదు. చూపుతోనే వేటను పసిగట్టి తరిమే గ్రేహౌండ్, విప్పెట్, సలూకీ వంటి కుక్కలను గొర్రెల కాపరుల కోలీతోనో, చిన్న వేటకుక్క అయిన టెరియర్‌తోనో కలిపి పుట్టించిన సంకరం. 14వ శతాబ్ది చివర రెండవ రిచర్డ్ రాజు కాలపు చట్టం, ఏటా 40 షిల్లింగుల రాబడి ఇచ్చే భూమి లేని సామాన్యుడు గ్రేహౌండును ఉంచుకోరాదని శాసించింది. వేట కలవారి హక్కుగా సాగిన ఆ దేశంలో, పేదవాడు చాటుగా కుందేలును పట్టి కుండలోకి తెచ్చుకోవడానికి తోడు నిలిచింది లర్చరే. గ్రేహౌండు వేగానికి కోలీ తెలివి, టెరియర్ తెగువ కలిస్తే, మామూలు కంచె దానికి అడ్డంకే కాదు.

తరువాతి ప్రశ్న నన్ను తికమకపెట్టింది. చుట్టుపక్కల పొలాల్లో ఏ రకం కుందేళ్లు తిరుగుతాయని అడిగారు. రాబిట్ అన్నా, హేర్ అన్నా మనకు రెండూ కుందేళ్లే, మా ఊరివాళ్లకు చెవులపిల్లులే. అక్కడి చట్టానికి మాత్రం రెండూ ఒకటి కావు. 2005 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన వేట చట్టం ప్రకారం, బొరియల్లో ఉండే చిన్న కుందేలును (రాబిట్) భూయజమాని అనుమతితో కుక్క చేత పట్టించవచ్చు గానీ, బయలులో బతికే పెద్ద కుందేలును (హేర్) తరిమించడం నేరం. కుక్కకు ఆ తేడా తెలియదు కాబట్టి, తాడు విప్పే చోటును మేమే ఎంచుకోవాలన్నారు. ఆ జాగ్రత్త నాకు ఎంతో న్యాయంగా తోచింది.

అప్పగించిన రోజున వెడల్పాటి తోలు మెడపట్టీ ఇచ్చారు. మెడ కంటే తల పెద్దగా లావు ఉండదు కనుక మామూలు పట్టీ జారిపోతుందట. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి, మత్తుమందు ఇచ్చే ముందు దీని సంకరం సంగతి పశువైద్యుడికి తప్పక చెప్పమన్నారు. కుక్క చర్మం కింద ఉండే గుర్తింపు మైక్రోచిప్ వివరాలు మా పేరుకు మారాకే తాడు నా చేతికి వచ్చింది. కారు ఎక్కించబోతే, దూరపు గట్టు మీద కదిలిన దేనినో చూస్తూ అది చాలాసేపు కదలకుండా నిలబడిపోయింది.