బీరువాలో బట్టల అమ్మకం: జ్యేష్ఠం నుంచి భాద్రపదం దాకా

ఇంట్లో కట్టి, తొడిగి పక్కన పెట్టేసిన బట్టల్ని తిరుపతి నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే పని ఎంతవరకు వచ్చిందో రాసి పెట్టుకుంటున్న చిట్టా ఇది. ఇది అంగడి కాదు, జీఎస్టీ నంబరూ లేదు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో కొత్త సరుకు అమ్మే వ్యాపారుల కోసం ఉన్నవి కాబట్టి వాటి జోలికి పోలేదు. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, తెలిసినవాళ్ల వాట్సాప్ గ్రూపులు, ఈ మూడే. సొంతానికి వాడిన బట్టలు ఆదాయపు పన్ను చట్టంలో మూలధన ఆస్తి (అమ్మితే లాభం మీద పన్ను పడే ఆస్తి) కిందికి రావు. నగలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

జ్యేష్ఠం: ఏరడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టుచీరలకే పెట్టాలి. చీరను వెలుతురుకు అడ్డంగా పట్టి, మడత గీతల మీదే చూడాలి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టుకు ఆ గీత వెంబడే పోగు విరుగుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కట్టుకుని కూర్చున్నప్పుడు ఫర్రుమంటుంది. గీతకు అటూ ఇటూ బొటనవేళ్లు ఆనించి మెల్లగా లాగితే సంగతి తెలిసిపోతుంది. దారాలు విడిపడితే ఆ చీరను కట్టుకోవడానికని అమ్మకూడదు. అంచూ కొంగూ బాగుంటే ‘అంచు కోసం’ అని రాస్తే చాలు, పిల్లలకు పరికిణీలు కుట్టించేవాళ్లు తీసుకుంటారు.

సెంటు, చెమట, నాఫ్తలీన్ గోలీలు జరీకి పడవు, నల్లబడుతుంది. దాన్ని మెరిపించాలని నిమ్మకాయో టూత్‌పేస్టో రుద్దితే పక్కనున్న పట్టు రంగు పోతుంది. నల్లబడ్డ జరీని ఉన్నదున్నట్టే ఫొటో తీయాలి.

పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రగా మారుతుంది. కంగారు పడక్కర్లేదు, అది సబ్బులోని క్షారం వల్ల. బాగా జాడిస్తే మళ్లీ పసుపుకు వస్తుంది. తెల్ల నూలుబట్టయితే తడిపి ఎండలో పరిస్తే చాలు, పసుపు రంగు వెలుతురుకు నిలవదు, మన ఎండకు చాలావరకు వెలిసిపోతుంది. రంగుబట్టకు ఈ పని వద్దు, బట్ట రంగు కూడా వెలుస్తుంది. పిన్నీసు తుప్పు కొద్దిగా తగ్గుతుందేమో గానీ పట్టు మీద పూర్తిగా పోదు. చంకల కింద చెమటకు రంగు మారిన పట్టు జాకెట్‌దీ అదే కథ. అలాంటివి ధరలో తగ్గించుకోవాల్సిందే.

గంజి పెట్టిన వెంకటగిరి నూలు చీరలు విడిగా తీసి ఉతికాం. గంజి ఉన్నచోటికి వెండిపురుగు వస్తుంది, చిన్న చిన్న చిల్లులు పడతాయి. కొన్నవాళ్లు గంజి వాళ్లే పెట్టుకుంటారు.

కలంకారీ అని రాసే ముందు బట్ట తిరగేసి చూడాలి. శ్రీకాళహస్తి పనిలో గీత కలంతో చేత్తో గీసింది కాబట్టి ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, ఒకే పువ్వు రెండుచోట్ల అచ్చుగుద్దినట్టు ఉండదు. కరక్కాయా పాలూ కలిపిన నీళ్లలో బట్టను ముందే నానబెడతారు కాబట్టి రంగు పాకదు. కొత్త బట్టకు ఆ పాల వాసన కూడా ఉంటుంది. నలుపు మాత్రం ఇనుము, బెల్లం పులియబెట్టిన కసింతో వస్తుంది. పువ్వులన్నీ ఒకే కొలతలో వరసగా ఉంటే అది అచ్చుపని. మర అచ్చుకైతే వెనకవైపు రంగు పాలిపోయి ఉంటుంది. అలాంటివాటికి ‘కలంకారీ డిజైను ప్రింటు’ అనే రాశాం. తక్కువకు పోయినా తిరిగి రాదు.

ఆషాఢం: కొలతలు, ఫొటోలు

ఆషాఢంలో అంగళ్లన్నీ తగ్గింపు బోర్డులు కడతాయి, పాత బట్టను అడిగేవాళ్లు తక్కువ. ఆ నెల టేపు పట్టుకోవడానికి మంచిది.

ఎల్, ఎక్స్‌ఎల్ అని రాసి వదిలేస్తే తిరిగొచ్చే బట్టలే ఎక్కువ, కంపెనీకో కొలత కాబట్టి. కుర్తీని మంచం మీద పరిచి చంక నుంచి చంకకు కొలవాలి. అది 20 అంగుళాలుంటే ‘పరిచి కొలిస్తే 20, చుట్టూ 40’ అని రెండూ రాయాలి. ఒకటే రాస్తే సగంమంది 20 చూసి పిల్లల బట్ట అనుకుంటారు. జాకెట్‌కు లోపలి కుట్లలో వదిలిన గుడ్డ ముఖ్యం. రెండు పక్కలా, ముందూ వెనకా ముప్పావు అంగుళం చొప్పున విప్పగలిగితే చుట్టుకొలత మూడంగుళాలు పెరుగుతుంది. ఆ ఒక్క మాట రాస్తే అమ్ముడుపోని జాకెట్ అమ్ముడుపోతుంది. పిల్లల పట్టుపావడాకు నడుము నుంచి కిందికి పొడవు, కింద మడిచి కుట్టిన టక్కులు ఎన్ని ఉన్నాయో చెప్పాలి. టక్కు విప్పితే ఇంకో ఏడాది వస్తుందని తల్లులు లెక్కేస్తారు. చీర మామూలుగా 5.5 మీటర్లు, జాకెట్ గుడ్డ ఉంటే 6.3 దాకా. అయినా టేపుతో కొలిచిందే రాయాలి.

ఫొటోలకు ఉదయం 8 నుంచి 10 లోపు వరండా నీడ సరిపోతుంది. నేరుగా ఎండ పడితే జరీ తెల్లగా చెదిరిపోతుంది, ఫ్లాష్ వేస్తే పట్టు నైలాన్‌లా కనబడుతుంది. వెనక తెల్ల పంచె పరవాలి. తెలుపు పక్కనుంటే ఫోను రంగును సరిగ్గా పట్టుకుంటుంది. అయినా రాణి రంగు, నెమలికంఠం ఫోనులో మారిపోతాయి, ‘అసలు రంగు ఇంకాస్త ముదురు’ అని రాయక తప్పదు. మొత్తం చీర, కొంగు, అంచు, తిరగేసిన వైపు, తర్వాత లోపాలు, ఆ వరసలో తీశాం. చిల్లు పక్కన ఐదు రూపాయల బిళ్ల పెడితే ఎంతుందో అడగక్కర్లేదు.

ఒంటిమీద బట్ట ఉన్న ఫొటో పెట్టకూడదు. ‘వేసుకున్న ఫొటో పంపండి’ అని అడిగేవాడు కొనేవాడు కాదు, వెంటనే బ్లాక్ చేయాలి. ఆడవాళ్లు అమ్మేటప్పుడు ఇది పట్టుబట్టి పాటించాల్సిన విషయం.

శ్రావణం: అమ్మకం

వరలక్ష్మీ వ్రతం ముందు చీరలు, పట్టుపావడాలు కదిలాయి. ఒక ప్రకటన ఉన్నదున్నట్టు:

‘కంచిపట్టు. మామిడిపండు రంగు, ఆకుపచ్చ అంచు 4 అంగుళాలు. పొడవు 5.5 మీటర్లు. జాకెట్ గుడ్డ లేదు, కుట్టిన జాకెట్ ఇస్తాం, చుట్టూ 36. ఫాల్, పికో ఉన్నాయి. బరువు 720 గ్రాములు. లోపాలు: ఎడమ భుజం దగ్గర రెండు పిన్నీసు చిల్లులు, ఫాల్ అడుగున మురికి, కొంగు కుచ్చుల్లో ఒకటి ఊడింది. ఫొటో 6, 7, 8 చూడండి.’

లోపాలు ఇంత విడమరిచి రాస్తే బేరం తగ్గుతుంది. ‘అక్కా, లాస్ట్ ఎంత?’ అని అడిగినవాళ్లకు తగ్గించమనడానికి కొత్త కారణం దొరకదు. ధరకు మా లెక్క ఇది: మడత చెడని పట్టుకు కొన్న ధరలో మూడో వంతు, నూలు చీరకు నాలుగో వంతు, రోజువారీ కుర్తీలకు కొన్న ధర మరిచిపోయి మూడు కలిపి ఒక కట్టగా. మహిళా విశ్వవిద్యాలయం, ఎస్వీ యూనివర్సిటీ వైపు పిల్లలు కట్టలే తీసుకుంటారు, పార్సెల్ ఖర్చు లేకుండా చేతికే ఇవ్వొచ్చు. ఇంటికి రమ్మనకుండా జనం తిరిగేచోట, పగటిపూట కలవాలి.

తిరుపతిలో ప్రత్యేకంగా వచ్చే ప్రశ్న: ‘ఇది అమ్మవారి చీరేనా?’ భక్తులు సమర్పించిన వస్త్రాల్ని టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుంది. అలా వచ్చిన చీరకు రసీదు ఉంటేనే ఆ మాట రాయాలి. రసీదు లేకుండా అమ్మవారి పేరు చెప్పి ధర పెంచడం తప్పు, ఎవరు చేసినా.

డబ్బు దగ్గర ఒకటే సూత్రం. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని అంతకన్నా లేదు. ‘అడ్వాన్స్ పంపుతున్నా, స్కాన్ చేయండి’ అంటే మోసం. ‘పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది తిరిగి వేయండి’ అన్నా అంతే. వాళ్లు పంపిన స్క్రీన్‌షాటూ మెసేజీ నమ్మకుండా బ్యాంకు ఖాతాలో నిల్వ చూడాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

పార్సెల్‌లో కొరియర్లు బరువుతో పాటు పరిమాణం కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలా కొరియర్లు 5000తో భాగిస్తాయి. 720 గ్రాముల చీరను అంగడి అట్టపెట్టెలో, 40×30×6లో పంపితే 1.44 కిలోలకు కట్టాలి. పెట్టె తీసేసి 30×25×4కి మడిస్తే 0.6 వస్తుంది, అసలు బరువుకే పోతుంది. చీరను పాత నూలుగుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో వేసి, ఆపైన కొరియర్ కవర్. పేపరు చుడితే సిరా అంటుతుంది, స్టేప్లర్ పిన్ జరీని పట్టేస్తుంది. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది కాబట్టి పోస్టాఫీసులో ఇప్పుడు స్పీడ్‌పోస్టే అడగాలి. ట్రాకింగ్ నంబరు 13 అక్షరాలు, చివర ఐఎన్ ఉంటుంది. దాన్ని రసీదు ఫొటోతో సహా కొన్నవాళ్లకు పంపాలి. చిత్తూరు, మదనపల్లె, నెల్లూరు వైపు ఆర్టీసీ కార్గో కూడా వాడుకోవచ్చు, అయితే ఇంటికి చేర్చే వసతి లేనిచోట కొన్నవాళ్లు బస్టాండుకు వచ్చి తీసుకోవాలి.

భాద్రపదం: మిగిలినవి

మగవాళ్ల చొక్కాలు కదల్లేదు. కాలరు అరిగిన చొక్కాను ఎంత తక్కువకిచ్చినా ఎవరూ అడగరు, వాటిని ప్రకటనలోంచి తీసేశాం. మూడు వెంకటగిరి చీరలు దసరా దాకా ఆపుతున్నాం. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కాబట్టి అప్పటి పార్సెళ్లకు రెండో పాలిథిన్ సంచి తప్పనిసరి, మడతల్లో తేమ చేరితే పట్టుకు మచ్చలు పడతాయి.

మడత చిట్లిన పాత పట్టుచీర ఒకటి తేలలేదు. తూకానికి కొనేవాళ్లు చీరకు కాదు, జరీలోని వెండికి డబ్బిస్తారు. అందుకే కొంగు చివర నుంచి ఒక్క జరీ పోగు తీసి బ్లేడుతో గీకి చూడాలి. పైపూత కింది లోహం తెల్లగా ఉంటే వెండి కావచ్చు, రాగి రంగులో ఉంటే రాగి, నిప్పుకు ముడుచుకుని ఉండకడితే ప్లాస్టిక్. లోహం లోపలి ఎర్ర దారాన్ని చూసి రాగి అనుకోకూడదు, అసలు జరీకీ ఎర్ర పట్టుదారం ఉంటుంది. వెండి అని తేలితే కంసాలి దగ్గర చూపించి తూకానికి, కాకపోతే ‘అంచు కోసం’ అని రాసి పెడతాం.